నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు: సరైన మందు పనిచేయనప్పుడు ఏం వెతికాం

ఈ కేసులో రోగం ఏమిటో మొదటి రోజే తెలిసింది. రాసిన మందు కూడా సరైనదే. అయినా కన్ను తగ్గుముఖం పట్టలేదు. ఎందుకు పట్టలేదో మైక్రోస్కోపులో దొరకలేదు, పేషెంట్ చెబితేనే తెలిసింది. ఆమె చెప్పగలిగేలా చేయడానికి మేం పడిన శ్రమ చికిత్సలో భాగమేనని నా నమ్మకం. కార్నియా (నల్లగుడ్డు) విభాగంలో పనిచేసేవాళ్ళకు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చే పేషెంట్లను చూసే కుర్ర డాక్టర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకుంది.

నేపథ్యం

గోదావరి డెల్టాలో వరి పండే ఊరు. ఆమెకు యాభై దాటాయి. భర్త లేడు. కూతురూ అల్లుడూ పనికోసం వేరే రాష్ట్రం వెళ్ళారు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఈమె దగ్గరే ఉంటోంది. కూలిపని, ఒక పాడిగేదె, అదే ఆధారం. చదువు లేదు. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు.

సార్వా నూర్పిళ్ళప్పుడు ధాన్యం తూర్పార పడుతుంటే కుడికంట్లో పొట్టు పడింది. పక్కనున్న ఆవిడ కొంగు మడిచి నోటి ఆవిరి పట్టి కాపడం పెట్టింది. రాత్రి నందివర్ధనం పూలు తడిపి కంటిమీద వేసుకుంది. మూడో రోజుకి కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే ఊళ్ళో మెడికల్ షాపులో చుక్కల మందు తీసుకుంది. తర్వాత పట్నంలో ఒక క్లినిక్‌కి వెళ్ళింది, అక్కడ యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేసరికి పొట్టు పడి రెండు వారాలు కావస్తోంది.

నవంబరు, డిసెంబరు నెలల్లో మా ఓపీలో ఇలాంటి కళ్ళు ఎక్కువ. గడ్డిమీదా మట్టిలోనూ ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి ఫంగస్‌లు ఎప్పుడూ ఉంటాయి. నల్లగుడ్డు పైపొర బాగున్నంత వరకు అవి లోపలికి పోలేవు. పొట్టు గీసుకుంటే దారి దొరుకుతుంది. బాక్టీరియా పుండు సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే మనిషిని ఆసుపత్రికి పరిగెత్తిస్తుంది. ఫంగస్ అలా కాదు, మెల్లగా పాకుతుంది. "రేపటికి తగ్గుతుందిలే" అనుకుంటూనే వారం గడిచిపోతుంది.

వచ్చినప్పుడు

లోపలికి వచ్చి కూర్చుంది గానీ కంటిమీద చెయ్యి తీయలేదు. నేనేమీ అడగకముందే "లేటయ్యిందండి, తెలుసండి" అంది. ఇలా ముందే ఒప్పేసుకునే పేషెంటు అంతకుముందు ఎక్కడో తిట్లు తినే వచ్చి ఉంటుంది. అప్పుడు నేను దాని గురించి అడగలేదు. "వచ్చారు కదమ్మా, చూద్దాం" అని లైట్లు తగ్గించమన్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నల్లగుడ్డు మీద పుండున్న కంటి రెప్పల్ని బలవంతంగా విడదీయకూడదు. నొప్పితో పేషెంట్ రెప్పలు బిగిస్తుంది, మనం లాగితే ఇంకా బిగిస్తుంది. లోపల కార్నియా పల్చబడి ఉంటే ఆ ఒత్తిడికే చిల్లు పడవచ్చు. కాబట్టి నిదానంగా ఉండటం మర్యాద కోసం మాత్రమే కాదు. ముందు తిమ్మిరి చుక్క వేసి, "ఇది మొదట మండుతుందమ్మా, పది లెక్కపెట్టేలోపు తగ్గుతుంది" అని చెప్పి ఆగాం. ఆ తర్వాత ఆమే కన్ను తెరిచింది.

కుడికంటికి రెండు మీటర్ల దూరంలో వేళ్ళు లెక్కపెట్టేంత చూపే ఉంది. నల్లగుడ్డు మధ్యభాగానికి కాస్త కిందుగా సుమారు 4 మిల్లీమీటర్ల పుండు. అంచులు ఈకల్లా చీలి ఉన్నాయి, పైన పొడిగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది, పక్కన రెండు చిన్న మచ్చలు. కార్నియా వెనక అడుగున 1 మిల్లీమీటర్ ఎత్తు చీము. ఎడమకంట్లో శుక్లం, చూపు 6/24 (మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ కన్ను 6 మీటర్ల నుంచే చదవగలదు). అంటే ఈమెకు గట్టిగా నమ్ముకోదగ్గ రెండో కన్ను లేదు. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయంలో ఈ విషయం నా మనసులో ఉంది.

చూడగానే ఫంగస్ అనిపించినా చూపుతో తేల్చేయకూడదు. పుండు అంచుల నుంచి గీకి తీసి గ్రామ్ స్టెయిన్‌కీ, ఫంగస్ పోగుల్ని బయటపెట్టే కేఓహెచ్ పరీక్షకీ, కల్చర్‌కీ పంపాం. కాసేపట్లోనే కేఓహెచ్‌లో అడ్డగోడలున్న ఫంగస్ పోగులు కనిపించాయి. కొన్ని రోజుల తర్వాత కల్చర్‌లో ఫ్యుజేరియం పెరిగింది. కన్నీటి సంచి నొక్కి చూస్తే చీము లేదు. షుగర్ మాత్రం 268 ఉంది. అదే రోజు ఫిజీషియన్ దగ్గరికి పంపించాం, ఎందుకంటే షుగర్ అదుపులో లేకపోతే పుండు మానడం కష్టం.

మొదటి నిర్ణయాలు

ఫంగస్‌ను చంపే నాటమైసిన్ 5 శాతం చుక్కలు గంటకోసారి, నొప్పి తగ్గడానికీ కనుపాప అతుక్కోకుండా ఉండటానికీ హోమాట్రోపిన్ మొదలుపెట్టాం. ఇంకో ఫంగస్ మందు వోరికొనజోల్ ఎందుకు కాదని జూనియర్ అడిగింది. దక్షిణ భారతంలోనే జరిగి 2013లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో ఈ రెండు మందుల్ని పోల్చి చూశారు. నాటమైసినే మెరుగని తేలింది, ఫ్యుజేరియంలో ఆ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. మన పొలాల్లో గాయాల వల్ల వచ్చే పుండ్లకు నేను మొదట వాడేది ఇదే.

అడ్మిషన్ అనగానే ఆమె లేచి నిలబడింది. గేదెకు గడ్డి ఎవరు వేస్తారు, పిల్లకు అన్నం ఎవరు పెడతారు? ఇలాంటి చోట "కన్ను ముఖ్యమా, గేదె ముఖ్యమా" అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ ప్రశ్న వేయకూడదు. ఆ గేదె పాలతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. పక్కింటివాళ్ళకు ఫోన్ కలిపి గేదెను ఎన్నాళ్ళు చూడగలరో కనుక్కున్నాం. ఐదు రోజులన్నారు. సరే, ఐదు రోజులే ఉంచుకుందామనుకున్నాం. గంటగంటకూ మందు పడాల్సిన మొదటి రోజులు ఆసుపత్రిలో గడిస్తే తర్వాత ఇంటి దగ్గర కొనసాగించవచ్చని లెక్క.

చూపు గురించి మాత్రం మాట ఇవ్వలేదు. "ముందు కన్ను నిలబెడదాం. చూపు ఎంత వస్తుందో పుండు మానాకే చెప్పగలను" అన్నాను. ఆశ పెట్టి తర్వాత వెనక్కి తీసుకుంటే, అవసరమైనప్పుడు మన మాట నమ్మరు.

ఎక్కడ ఆగిపోయింది

వార్డులో ఉన్నన్ని రోజులూ పుండు పెరగలేదు. చీము పల్చబడింది, ఆమె పగలు కన్ను తెరిచి కూర్చోగలిగింది. ఇంటికి పంపించాం.

వారానికి తిరిగి వచ్చేసరికి చీము 2 మిల్లీమీటర్లకు పెరిగింది. పుండు లోతుగా దిగింది. వింత ఏమిటంటే కన్ను అంత ఎర్రగా లేదు, నొప్పి కూడా పెద్దగా లేదంది. "మందు వేస్తున్నారా?" అని అడిగితే "వేత్తన్నానండి" అంది. మనవరాలు కూడా వేస్తున్నామనే చెప్పింది.

మా టీమ్‌లో రెండు అభిప్రాయాలు వచ్చాయి. మందుకు లొంగడం లేదు కాబట్టి కార్నియా పొరలోకి వోరికొనజోల్ ఇంజెక్షన్ ఇద్దామని ఒకరు. ఆలస్యం చేస్తే ఫంగస్ లోపలికి పోతుంది, ఇప్పుడే కార్నియా మార్పిడికి వెళ్దామని ఇంకొకరు. రెండూ తీసిపారేయాల్సిన మాటలు కావు. కాని నాకు ఒక విషయం తట్టింది. ఇదే మందుతో వార్డులో ఆగిన పుండు ఇంటి దగ్గర ఎందుకు పెరిగింది? ఫంగస్ మందుకు లొంగనిదైతే వార్డులోనూ పెరగాలి కదా. పైగా పుండు పెరుగుతుంటే ఎరుపూ నొప్పీ తగ్గడం ఏమిటి? మంటను అణిచేది ఏదో ఆ కంట్లో పడుతోంది. అంటే స్టెరాయిడ్ అయి ఉండాలి. ఫంగస్ ఉన్న కంట్లో స్టెరాయిడ్ వేస్తే శరీరం చేసే ప్రతిఘటన తగ్గిపోతుంది. పైకి కన్ను చల్లబడినట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్‌కు అడ్డుండదు.

అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "వేరే మందేమైనా వేశారా?" అంటే లేదనే అంటారు, ఆ ప్రశ్నలోనే తప్పు పట్టడం ఉంది కాబట్టి. ఓపీ రద్దీ తగ్గేదాకా ఆమెను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, అప్పుడు పక్కన కుర్చీ వేసుకున్నాను. "పొట్టు పడిన కాడి నుంచి ఇప్పటిదాకా దేనితో మీకు కాస్త సుఖంగా అనిపించిందమ్మా?" అని అడిగాను. ఆమె మనవరాలి వైపు చూసింది. "చెప్పెయ్ అమ్మమ్మా" అంది ఆ పిల్ల.

చేతి సంచీలోంచి మా మందులు తీసి బల్లమీద పెట్టింది. తర్వాత బొడ్లో దోపుకున్న గుడ్డసంచీ విప్పి ఇంకో చిన్న సీసా తీసింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. మొదటిసారి మెడికల్ షాపులో ఇచ్చింది అదే. "ఇదేత్తే గంటలో సల్లబడిపోద్దండి. మీ మందేమో మండుద్ది." ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. పట్నం క్లినిక్‌లో ఎవరో "కన్ను పాడుచేసుకుని ఇప్పుడొస్తారా, ఇంక మేమేం చేస్తాం" అని అరిచారట. ఇంకో మాట చెబితే ఇంకా అరుస్తారని భయం. రెండో కారణం నేను ఊహించనిది. "ఆ కుర్రోడు మంచోడండి డాక్టరమ్మా. డబ్బుల్లేకపోతే అప్పిత్తాడు. మీరు రాసేత్తే ఆడి షాపు మూయించేత్తారేమో." తన కన్ను పోతున్నా ఆమె ఆ అబ్బాయి బతుకు గురించి ఆలోచించింది.

షాపు మీద ఎవరికీ ఏమీ రాయనని చెప్పాను. అప్పుడు మా నాటమైసిన్ సీసా చేతిలోకి తీసుకుని లైటు కేసి పట్టి చూశాను. బియ్యం కడిగిన నీళ్ళు కదలకుండా ఉంటే అడుగున తెల్లగా పేరుకుంటుంది చూశారా, అలా మందంతా అడుగున దిగి ఉంది. పైన ఉన్నది దాదాపు నీళ్ళే. నాటమైసిన్ నీటిలో కరగదు, తేలుతూ ఉంటుంది. ప్రతిసారీ బాగా ఊపితేనే చుక్కలో మందు వస్తుంది. ఆ మాట సీసా మీద ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. "మీరెలా వేస్తారో ఒకసారి వేసి చూపించమ్మా" అని మనవరాలితో అన్నాను. పిల్ల జాగ్రత్తగా చేతులు కడుక్కుని, మూత తీసి, ఊపకుండా చక్కగా ఒక చుక్క వేసింది. వార్డులో నర్సులు ఊపి వేసేవాళ్ళు. తేడా అక్కడ తెలిసిపోయింది.

ఏం మార్చాం

ఇంజెక్షన్, ఆపరేషన్ రెండూ వాయిదా వేశాం. మందు సరిగ్గా పడనే లేదు కాబట్టి అది విఫలమైందని అనలేం.

పుండు మీది పొర గీకి తీశాం. నాటమైసిన్ కార్నియా లోపలికి అంతగా ఇంకదు, పైపొర తీస్తే కాస్త లోతుకు దిగుతుంది. స్టెరాయిడ్ పూర్తిగా ఆపించాం. ఈ ఆపించడంలోనే అసలు జాగ్రత్త కావాలి. స్టెరాయిడ్ ఆగగానే అణిగి ఉన్న మంట తిరిగి లేస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఆమె ఆ రాత్రే పాత సీసా వెతుక్కుంటుంది. అందుకే ఇద్దరికీ కలిపి చెప్పాను: "రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువవుతుంది, కన్ను ఎర్రబడుతుంది. జబ్బు ముదిరిందని అనుకోకండి. తట్టుకోలేకపోతే ఏ టైమైనా ఫోన్ చేయండి." నొప్పి బిళ్ళలు ఇచ్చాం. ఆ పాత సీసాను నేను లాక్కోలేదు. ఆమే బల్లమీద వదిలేసి వెళ్ళింది.

ఊపడం మనవరాలికి నేర్పాం. సీసా అడుగున తెలుపు కనిపించకుండా పోయేదాకా ఊపాలి, అదే గుర్తు. పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి ఫోన్లో అలారం పెట్టించాం. పిల్ల నోట్‌బుక్కులో గళ్ళు గీసుకుని వేసినప్పుడల్లా టిక్ పెట్టింది. ఆ పిల్లకు మరునాడు బడి ఉంటుంది. కొన్ని రోజులకే పుండు ఆగిందని నమ్మకం కుదరగానే రాత్రి చుక్కలు ఆపేశాను. నిద్రలేక పిల్ల కుంగిపోతే పగటి మందూ ఆగిపోతుంది. పుస్తకం ప్రకారం ఇంకొన్నాళ్ళు వేయాలనేవాళ్ళుంటారు. ఈ ఇంటికి నా నిర్ణయమే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

రాకపోకల సంగతి కూడా ఆలోచించాం. ఆమె ఒకసారి మా దగ్గరికి వస్తే ఆ రోజు కూలి పోతుంది, ఇద్దరి బస్సు ఛార్జీ అదనం, పిల్ల బడి మానాలి. వాళ్ళ ఊరికి దగ్గర్లో మా విజన్ సెంటర్, అంటే చిన్న కంటి పరీక్ష కేంద్రం, ఉంది. అక్కడ టెక్నీషియన్ కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ మీద ఫొటో తీసి పంపేవాడు. ఫొటో చూసి అవసరమైతేనే పిలిచేవాళ్ళం.

రెండో రాత్రి ఫోన్ వచ్చింది. నొప్పిగా ఉందని, అమ్మమ్మ ఏడుస్తోందని. పొద్దున విజన్ సెంటర్ ఫొటోలో కన్ను ఎర్రగా ఉంది గాని పుండు అంచులు మొద్దుబారడం మొదలైంది, అది మానుతోందనడానికి గుర్తు. అదే మాట ఆమెకు ఫోన్లో చెప్పాను. "మీరన్నట్టే అయ్యిందండి" అంది. ముందే చెప్పినట్టు జరగడంతో ఆమెకు నా మీద నమ్మకం కుదిరిందని అప్పుడు అర్థమైంది.

మూడో వారంలో మళ్ళీ టెన్షన్. చీము పోయింది గానీ పుండు కింది భాగం పల్చబడింది. ఆమెను పిలిపించి కార్నియా మార్పిడి గురించి వివరంగా మాట్లాడాం. చనిపోయినవారి కుటుంబాలు దానం చేసిన కళ్ళ నుంచి కార్నియా వస్తుందని, ఇన్ఫెక్షన్ ఉన్న కంటికి వేసిన కార్నియా తరచూ మసకబారుతుందని, అయినా చిల్లు పడితే కన్ను దక్కించుకోవడానికి అదే దారని చెప్పాం. ఇంకా పల్చబడితే, లేదా పుండు తెల్లగుడ్డు అంచుకు పాకితే ఆగకూడదని మాలో మేం హద్దు పెట్టుకున్నాం. ఐ బ్యాంకుకు ముందే చెప్పి ఉంచాం. ఆ హద్దు దాకా పోలేదు. సుమారు ఆరు వారాలకు పైపొర మూసుకుంది. పైకి మానినా లోపల ఫంగస్ మిగిలి ఉండవచ్చు కాబట్టి ఆ తర్వాత ఇంకో రెండు వారాలు మందు తగ్గిస్తూ కొనసాగించాం.

ఫలితం, తర్వాత మేం మార్చుకున్నవి

కుడికంట్లో పువ్వు మిగిలింది. చూపు 6/60. "పువ్వు పోదా అండి?" అని అడిగింది. చుక్కలతో పోదని చెప్పాను. షుగర్ అదుపులోకి వచ్చాక ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ ఉచితంగా చేశాం, ఇప్పుడు ఆ కంటితో 6/9 చూస్తోంది. ఒక కన్ను పోతుందేమోనని భయపడ్డ మనిషి రెండో కంటికి ఆపరేషన్‌కు ఒప్పుకోవడం తేలిక కాదు. మొదటి కంటి దగ్గర ఆమెకు జరిగిన ప్రతిదీ ముందే చెప్పి చేశాం కాబట్టే ఒప్పుకుందని నేననుకుంటాను.

మా ఫార్మసీలో ఇప్పుడు నాటమైసిన్ ఇచ్చేటప్పుడు సీసా మీద "తెలుపు కలిసేదాకా ఊపి వేయండి" అని పెద్ద అక్షరాల స్టిక్కర్ అంటిస్తున్నారు. చదువు రానివాళ్ళకు స్టిక్కర్ చాలదు. అందుకే ఇంటికి పంపేముందు మందు వేసే మనిషి చేత ఒకసారి మా ముందే వేయిస్తున్నాం. నల్లగుడ్డు పుండుతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇంట్లో ఉన్న కంటి మందులన్నీ సంచీలో తెమ్మంటున్నాం. ఏ మందు వాడారో చెప్పినందుకు ఎవరినీ ఒక్క మాట అనకూడదని స్టాఫ్ అందరికీ గట్టిగా చెప్పాం. గొంతు పెంచినందువల్ల మానిన పుండును నేను ఇంతవరకు చూడలేదు.

మెడికల్ షాపు అబ్బాయితో, ఆమె అనుమతితోనే, ఫోన్లో మాట్లాడాను. అతనికి ఆ చుక్కల్లో ఏముందో సరిగ్గా తెలియదు, ఎర్రకన్నుకి అందరూ అదే అడుగుతారన్నాడు. పొలంలో ఏదైనా కంట్లో పడిందంటే స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇవ్వొద్దని, అదే రోజు విజన్ సెంటర్‌కు పంపమని చెప్పాను. ఇది ఎంత ముఖ్యమో నేపాల్‌లోని భక్తపూర్ అనుభవం చెబుతుంది. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలు కంటికి గీత పడినవాళ్ళకు వెంటనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టారు. 2001లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం 18 గంటల లోపు మొదలుపెట్టిన వాళ్ళెవరికీ పుండు రాలేదు. ఆ షాపు నుంచి ఇప్పుడు మనుషులు మా సెంటర్‌కు వస్తున్నారు, పొట్టు పడిన రోజునే వస్తున్నారు.

ఒక విషయంలో మాత్రం నాకు తృప్తి లేదు. ఈ కన్ను నిలబడింది ఒక బడిపిల్ల రాత్రులు మేల్కొన్నందువల్ల. అలాంటి మనవరాలు లేని పేషెంట్ వస్తే మా దగ్గర ఉన్న దారి ఎక్కువ రోజులు అడ్మిట్ చేయడమే. అప్పుడు కూలి, గేదె, ఇంటి సంగతులు ఎవరు చూస్తారో ముందు తేల్చుకోవాలి. అందుకే ఇప్పుడు అడ్మిషన్ కాగితం రాసే ముందు ఆ వివరాలు కనుక్కునే పనిని ఒక కౌన్సెలర్‌కు అప్పగించాం.

కుడికంటికి చూపు కోసం కార్నియా మార్పిడి చేయవచ్చా అన్నది ఇంకా తేలలేదు. మచ్చలోకి రక్తనాళాలు పాకాయి, కాబట్టి కొత్త కార్నియాను శరీరం తిప్పికొట్టే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. పైగా మార్పిడి తర్వాత ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేస్తూ, క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి. ఎడమకన్ను బాగా కనిపిస్తున్నంత కాలం తొందర లేదని ఆమే అంది, నాదీ అదే అభిప్రాయం. పొలం వెళ్ళేటప్పుడు పెట్టుకోవడానికి పక్కలు కూడా మూసే కళ్ళద్దాలు ఇచ్చాం. ఆరు నెలలకోసారి రెండు కళ్ళూ చూస్తున్నాం.